ఊఁ మేస్త్రి ఇంటి ఎలుకలు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆయన ఊఁ మేస్త్రి. తలుపు చెయ్యమన్నా ఊఁ, మంచం ఎల్లుండికల్లా కావాలన్నా ఊఁ, పోయినసారి చేసిన కుర్చీ కాలు ఊగుతోందని చెడామడా దులిపేసినా ఊఁ. ఆ ఒక్క అక్షరంతో ముప్ఫై ఏళ్ళుగా వడ్రంగం నెట్టుకొచ్చిన మనిషి. అలాగని మాట రానివాడు కాదు, గర్విష్ఠి అంతకన్నా కాదు. ఏదైనా చెప్పవలసి వచ్చినప్పుడు ఆయనకి నోటికంటే ముందు చేతులు కదిలేవి. దగ్గర్లో ఉన్న చెక్క ముక్క అందుకుని చిత్రిక పట్టడం మొదలుపెట్టేవాడు. చిత్రిక తెలుసుగా, చెక్క మీద పెట్టి తోస్తుంటే పల్చటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి చెక్క నున్నబడుతుంది, ఆ పనిముట్టు. ఆ కరకరలో ఎదుటివాళ్ళు మాత్రం ఎంతసేపని మాట్లాడతారు? విసుగెత్తి లేచిపోయేవాళ్ళు.

ఆ చప్పుడు భరించినంత కాలం భరించి, ఆయన భార్య కూడా మూడేళ్ళ కిందట కూతుర్ని తీసుకుని లేచిపోయినంత పని చేసింది. అంటే, అపార్థం చేసుకోకండి, వేరే ఇల్లు తీసుకుని వెళ్ళిపోయింది. కొట్టుకున్నది లేదు, తిట్టుకున్నది లేదు. నిజానికి నాలుగు తిట్టుకుని ఉంటే బాగుండేదేమో. “గోడతో కాపురం చేసినా కనీసం ఓ మేకు కొట్టుకుని బట్టలు తగిలించుకునేదాన్ని” అందిట వెళ్ళే ముందు. మేస్త్రి దానికీ ఊఁ అన్నాడుట. ఆవిడ ఒక బళ్ళో గుమాస్తా. ఊరికి ఆ చివర, ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుంటుంది. కోర్టులూ మధ్యవర్తులూ లేకుండానే ఇద్దరూ ఒక మాటకి వచ్చారు. ఆదివారం పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా పిల్ల తండ్రి దగ్గర ఉంటుంది.

పిల్లని ఇంట్లో బుల్లి అంటారు. దుకాణం వెనక ఒంటిగదిలో, స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ బొమ్మలు వేసుకునేది. మేస్త్రికి దాన్ని చూస్తూ కూర్చోవడం కంటే కావలసిందేమీ లేదు. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకి తనని చూస్తూ కూర్చున్న తండ్రితో ఎంతసేపు పొద్దుపోతుంది? “నాన్నా, టైమెంతయింది?” అని అడిగేది. మధ్యాహ్నం లోపల మూడుసార్లు, తర్వాత ఇంకో రెండుసార్లు. అడిగినప్పుడల్లా మేస్త్రికి గుండెలో ఎవరో చిన్న మేకు దించినట్టుండేది. ఈ మధ్య ఆదివారాలు జారిపోవడం కూడా మొదలైంది. ఒక వారం స్నేహితురాలి పుట్టినరోజు, ఒక వారం ఈత క్లాసు. ఇలా ఒక్కొక్కటే పోతే చివరికి ఏమీ మిగలదని ఆయనకి తెలుసు. అవి పోతే వారంలో ఆయనకి మిగిలేవన్నీ చెక్కలే.

అలాంటి రోజుల్లో ఒకనాడు బుల్లి, “నాన్నా, మనం ఏదైనా పెంచుకుందామా?” అంది. “అక్కడ ఓనరమ్మ కుక్క వద్దంది, పిల్లి వద్దంది. ఇక్కడైతే నేను వచ్చి చూసుకుంటా.”

“ఊఁ” అన్నాడు మేస్త్రి. ఆ ఊఁ మాత్రం కడుపులోంచి వచ్చింది.

తర్వాతి ఆదివారం ఇద్దరూ పెంపుడు జంతువులమ్మే కొట్టుకి వెళ్ళారు. కొట్టు నడిపే ఆవిడ లావుపాటి మనిషి. భుజం మీద ఒక తెల్లెలుక కూర్చుని చెవి పోగు లాగుతుంటే లెక్కచెయ్యకుండా గింజల సంచులకి మూతులు కడుతోంది. మేస్త్రికి చేపలు నచ్చాయి, అవీ మాట్లాడవు కాబట్టి. చిలకల్ని చూసి గబగబా దాటేశాడు. వెనక్కి తిరిగి చూస్తే బుల్లి ఎలుకల గూటి ముందు చతికిలబడి ఉంది.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. భయం కాదు, పాత పగ. ఎలుకలు కొరికిన తలుపు అంచులూ, మంచం కోళ్ళూ, సొరుగులూ బాగుచేసి బతికినవాడు. నిజం చెప్పుకోవాలంటే ఆయన తిన్న అన్నంలో సగం ఎలుకలు పెట్టిందే. ఆ విశ్వాసం మాత్రం ఆయన ఏనాడూ చూపించలేదు.

“నాన్నా, ఇవి కావాలి.”

“ఎలకలా తల్లీ! కుందేలు చూశావా? తెల్లగా, బొద్దుగా, ఎంత బాగుందో.” ఆయన నోట ఒక్కసారి అన్ని మాటలు వచ్చాయంటే ఎంత కంగారుపడ్డాడో చూడండి.

“కుందేలు ఎత్తుకుంటే తంతుంది. మా క్లాసులో అమ్మాయిని తన్నింది కూడా.”

కొట్టావిడ పకపకా నవ్వింది. “పిల్లకున్న తెలివి నీకు లేదన్నా. మొదటిసారి పెంచుకునేవాళ్ళకి ఎలకంత మంచిది లేదు. ఇవి నీ దుకాణంలో దూరే దొంగవి కావు. మనుషుల చేతుల్లో పుట్టినవి, పిలిస్తే వస్తాయి. కానీ ఒకటి ఇవ్వను, ఇస్తే రెండు. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుని తిండి మానేస్తాయి. రెండూ ఆడవే తీసుకో. ఒకటి ఆడదీ ఒకటి మగదీ అన్నావంటే, రెండు నెల్లు తిరక్కుండా నువ్వు నాకు పోటీగా కొట్టు పెడతావు.”

తర్వాత బుల్లికి ఎంచడం నేర్పింది. చెయ్యి గూట్లో పెట్టి కదలకుండా ఉంచమంది. పట్టుకోవద్దు, ఏది వస్తుందో చూడాలి. తోక పట్టి మాత్రం ఎప్పుడూ ఎత్తకూడదు. పది నిమిషాలకి బూడిదరంగు తలా తెల్లటి ఒళ్ళూ ఉన్న ఒకటి వచ్చి, గోళ్ళన్నీ వాసన చూసి, ఇంటి మెట్లెక్కినట్టు మణికట్టు మీదికి ఎక్కింది. “కళ్ళు మెరుస్తున్నాయా? ముక్కు శుభ్రంగా ఉందా? ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకో. ఏమైనా వినిపిస్తోందా?”

“ఏమీ వినిపించట్లేదు.”

“అదే మనకి కావలసింది. గురగురా అంటే ఊపిరితిత్తులు బాగాలేనట్టు.”

రెండోదానికి బుల్లి గొట్టంలో దాక్కున్నదాన్ని చూపించింది. లేత గోధుమరంగుది. దాని ముక్కు తప్ప ఏమీ కనిపించడం లేదు. “అది పిరికిది, మచ్చిక అవడానికి నెల్లు పడుతుంది” అంది కొట్టావిడ. “పర్లేదు, నేను ప్రతి ఆదివారం వస్తా” అంది బుల్లి. ఆ మాట వినగానే మేస్త్రి మారుమాట లేకుండా రెండిటినీ పెట్టెలో పెట్టించాడు. ఆ క్షణాన పిల్ల మొసలిని చూపించినా తెచ్చేవాడే.

దారిలోనే పేర్లు కుదిరాయి. ధైర్యంగలది ఉలి. దాక్కున్నది చిత్రిక. “నీ పనిముట్ల పేర్లయితే నువ్వు మర్చిపోవు కదా” అంది బుల్లి, తండ్రి మతిమరుపు మీద అంత నమ్మకం దానికి.

గూడు చెయ్యడానికి మేస్త్రికి వారం పట్టింది. ఒకాయన తలుపులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మూడంతస్తుల టేకు గూడు. కాళ్ళు పుండు పడకుండా అంతస్తులన్నిటికీ నున్నటి పలకలు, తల దూరకుండా అరవేలు కన్నా సన్నటి జాలీ, ఎక్కడానికి చిన్న నిచ్చెనలు, పాత చొక్కాతో కుట్టిన ఉయ్యాల. ఒక్క మేకు కూడా కొట్టలేదు, కొరికి మింగుతాయేమోనని. ఒక చెక్కలో ఇంకో చెక్క బిగించి నిలబెట్టాడు. మనుషుల కోసం కూడా ఆయన అంత మంచి ఇల్లు ఎప్పుడూ కట్టలేదు.

సోమవారం సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్లోంచి బుల్లి పలికింది. “నాన్నా, ఏం చేస్తున్నాయి?”

“ఉన్నాయి.”

“ఉన్నాయంటే? ఏం చేస్తూ ఉన్నాయి?”

మేస్త్రి ఫోను పట్టుకుని గూటి దగ్గరికి వెళ్ళి చూశాడు. చూసింది చెప్పడం ఆయనకి కొత్త. “ఉలి ఉయ్యాల్లో ఉంది. కాలు బయటికి పెట్టింది. చిత్రిక… ఆగు, వస్తోంది. గిన్నెలో నీళ్ళు పోసి బఠాణీలు వేశాను కదా, చెయ్యి ముంచి ఒక్కొక్కటే తీసుకుంటోంది. తొక్క తీసి పారేస్తోంది తల్లీ! మనలాగే!”

అప్పటి నుంచీ రోజూ ఫోనే. రెండో వారానికి అయిదు నిమిషాలు, నెలకి పావుగంట. క్యారెట్ ముక్క కోసం ఎవరు ఎవర్ని తోశారో, ఉలి ఆయన చొక్కా జేబులోకి దూరి పెన్సిల్ ఎలా కొరికిందో, చిత్రిక మొదటిసారి ఆయన అరచేతిలో కూర్చుని పళ్ళెలా నూరిందో. పళ్ళు నూరితే కోపమని కంగారుపడి కొట్టావిడ దగ్గరికి పరుగెత్తాడు. సంతోషమొస్తే అవి అలాగే నూరతాయిట. ఎదురుగా టీ అమ్మే అతను ఇదంతా విని, మేస్త్రికి మాటలొచ్చాయని వీధంతా చాటాడు. ఆదివారాలు పిల్ల తొమ్మిదిన్నరకే దిగిపోయేది. పదింటి నుంచి ఐదింటి దాకా ఒక్కసారి కూడా టైమెంతని అడిగేది కాదు. నేల మీద కూర్చుని ఒడిలో గుడ్డ పరుచుకుని, చిత్రిక దానంతటది వచ్చేదాకా కదలకుండా ఎదురుచూసేది. పిల్లని చూస్తూ మేస్త్రి కూడా అలాగే కూర్చునేవాడు.

“ఇవి ఎన్నేళ్ళు బతుకుతాయి నాన్నా?” అని ఒకనాడు అడిగింది. రెండేళ్ళు, మహా అయితే మూడు అన్నాడు. పిల్ల వెళ్ళిపోయాక మూడేళ్ళకి ఎన్ని ఆదివారాలో ఒక చెక్క మీద పెన్సిల్‌తో గుణించి చూసుకున్నాడు. నూట యాభై పైన వచ్చాయి. అంత ఆస్తి తన జన్మలో చూడలేదనిపించింది.

ఇంతవరకూ బాగానే ఉంది. వడ్రంగి కాకపోతే అలాగే సాగిపోయేది కూడా.

గూట్లో పరవడానికి కొట్టావిడ కాగితం తురుము ఇచ్చింది. అయిపోతే మళ్ళీ అదే తీసుకెళ్ళమంది. రెండో నెలలో అయిపోయింది. మేస్త్రి ఖాళీ సంచీని చూసి, దుకాణంలో మోకాలెత్తున ఉన్న పొట్టుని చూసి, వడ్రంగి ఇంట్లో కాగితమా అనుకున్నాడు. పైగా కూతురి ఎలుకలాయె, ఏ పొట్టు పడితే ఆ పొట్టు వెయ్యడానికి మనసొప్పలేదు. ఎప్పుడో మంచి పనికి పనికొస్తుందని అటక మీద దాచుకున్న దేవదారు చెక్క కిందికి దింపాడు. దాన్నుంచి ఏ వస్తువూ చెయ్యలేదు. పొట్టు కోసమే చిత్రిక పట్టాడు. దూది పింజల్లాంటి చుట్టలు. గదంతా ఘుమఘుమ. బుల్లి వచ్చి అందులో ముఖం పెట్టి, “అబ్బ! అచ్చం నీ వాసనే నాన్నా” అంది. ఆ మాటకి ఆయన పడ్డ సంబరం ఇంతా అంతా కాదు.

పది రోజులకి ఉలి తుమ్మింది. తర్వాత చిత్రిక. చలికేమోనని మేస్త్రి ఇంకో రెండు గుప్పిళ్ళ పొట్టు వేశాడు. ఉలి ముక్కు చుట్టూ, కళ్ళ చుట్టూ ఎర్రటి జిగురు కనిపించింది. ఇంకొంచెం మందంగా పరిచాడు. అది నిచ్చెన ఎక్కడం మానేసి, కింద పొట్టులోనే ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

“నాన్నా, ఉలి ఏం చేస్తోంది?”

“పడుకుంది.”

“నిన్న కూడా పడుకుందన్నావు. బాగానే ఉందా?”

“ఊఁ” అన్నాడు. చాన్నాళ్ళ తర్వాత ఫోన్లో ఆ అక్షరం వినబడింది. జబ్బు చేసిందంటే వాళ్ళమ్మ పంపదేమోనని భయం. ఆ భయంతో ఆదివారం దాకా నాలుగు రోజులు వృథాగా పోనిచ్చాడు.

ఆదివారం బుల్లి వచ్చీ రాగానే ఉలిని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. పిల్ల ముఖం పాలిపోయింది. “నాన్నా, వినిపిస్తోంది.”

పశువైద్యశాలలో కుక్కల వరసలో పెట్టె పట్టుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది, చెయ్యి మెత్తనిది. ఉలిని తూచమని బుల్లినీ సహాయకురాలినీ పక్క గదిలోకి పంపి మేస్త్రిని ప్రశ్నలడిగింది. ఏం పెడుతున్నారు, గూడు ఎంతుంది, కింద ఏం పరుస్తున్నారు. ఆఖరి ప్రశ్నకి మేస్త్రి జేబులోంచి ఒక పొట్టు చుట్ట తీసి గర్వంగా ఆవిడ అరచేతిలో పెట్టాడు.

ఆవిడ వాసన చూసింది. “దేవదారా?”

“ఊఁ. మేలు రకం.”

“ఈ వాసనే వాటికి పడదండీ. ఇందులో ఉండే నూనె మనకి సువాసన. వాటి ఊపిరితిత్తులు ఎంతుంటాయి చెప్పండి, రాత్రీ పగలూ అందులోనే ముక్కు పెట్టి పడుకుంటే కాలిపోతాయి. దుకాణం దుమ్ము కూడా మంచిది కాదు.”

మేస్త్రి ఆ చుట్టని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. దేవదారు పెట్టెలు చేసి అమ్మినప్పుడల్లా ఆయన ఊఁ కాకుండా చెప్పే వాక్యం ఒకటుంది. “ఈ వాసనకి పురుగు చేరదమ్మా, చేరినా బతకదు.” వందసార్లు చెప్పి ఉంటాడు. పురుగులకి అలాంటిదైతే ఇంకో చిన్న ప్రాణానికి ఎలాంటిదో అని ఒక్కసారీ తట్టలేదు. తెలియక చేశానని కూడా అనుకోలేకపోయాడు, ఎందుకంటే తెలుసు.

బుల్లి తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ మందు రాస్తోంది. పొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. మేస్త్రీ ఎత్తలేదు.

ఆ సాయంత్రమే పొట్టంతా బయట పోసి, గూడు వేన్నీళ్ళతో కడిగి, కాగితాలు చింపి పరిచాడు. రోజుకి రెండుసార్లు చుక్కల మందు. మడతబల్ల వీధిలోకి లాక్కుని అక్కడే పని చేశాడు, దుమ్ము లోపలికి రాకుండా. చిత్రిక కోలుకుంది. ఉలి గురువారం మధ్యాహ్నం ఆయన అరచేతిలో, గట్టిగా రెండుసార్లు ఊపిరి లాగి, మూడోసారి లాగలేదు.

ఏడింటికి ఫోను మోగుతుంది. మేస్త్రి ముందు రెండు దారులున్నాయి. జబ్బు చేసింది, మందు పనిచెయ్యలేదు అనొచ్చు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. పిల్ల ఏడుస్తుంది, ఓదార్పు కోసం ఆయన దగ్గరికే వస్తుంది, ఆదివారాలు ఎక్కడికీ పోవు. చెయ్యి దానంతటదే ఓ చెక్క ముక్క కోసం, పట్టడానికి చిత్రిక కోసం వెతికింది. ఆ పనిముట్టు తీసి బల్ల కింద పడేసి, ఫోను మోగగానే ఎత్తాడు.

“తల్లీ, ఉలి పోయింది.”

అటు పక్క ఏడుపు. “మందు వేశావు కదా నాన్నా?”

“వేశాను. కానీ జబ్బు నా వల్లే వచ్చింది. నేను వేసిన పొట్టు వల్ల. ఆదివారమే డాక్టరమ్మ చెప్పింది. నీకు చెప్పకుండా దాచాను.”

బుల్లి ఫోను పెట్టేసింది.

ఆ ఆదివారం రాలేదు. “రానంటోంది” అని వాళ్ళమ్మ ఫోన్లో ఒక్క ముక్క పంపింది. పై ఆదివారమూ రాలేదు. సాయంత్రం ఫోను లేదు. మేస్త్రికి నోట్లో మాటలు పేరుకుపోయాయి. ఇదివరకు మాటలు లేనప్పుడు లేని బాధ, అవి వచ్చాక అడిగేవాళ్ళు లేకపోతే తెలిసింది. చిత్రిక ఇవాళ అరటిపండు వద్దంది, నిన్న ఉలి పడుకునే మూల వాసన చూసి చూసి వచ్చింది, ఇవన్నీ ఎవరితో చెప్పాలి? స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పొద్దున గంట, మధ్యాహ్నం గంట చిత్రికని భుజం మీద పెట్టుకుని కూర్చునేవాడు. అయినా అది చిక్కిపోతూనే ఉంది. మనిషి తోడు మనిషిదే, ఎలుక తోడు ఎలుకదే.

“ఇంకోదాన్ని తీసుకెళ్ళన్నా, లేకపోతే ఇదీ దక్కదు” అంది కొట్టావిడ.

“ఎంచేది మా అమ్మాయి” అన్నాడు మేస్త్రి. ఆ ఒక్క పని దాని చేతుల్లోంచి లాక్కోవడం ఆయనకి ఇష్టం లేదు. కానీ ప్రాణం ఎంతకాలం ఆగుతుంది? మూడో శుక్రవారం మధ్యాహ్నం, బళ్ళో భోజనాల వేళ చూసుకుని భార్యకి ఫోను చేశాడు. మూడేళ్ళలో తనంతట తాను చెయ్యడం అదే మొదలు.

“చిత్రిక ఒంటరిగా ఉండలేకపోతోంది. బుల్లి వచ్చి ఒకదాన్ని ఎంచాలి. నాతో మాట్లాడక్కర్లేదు, కొట్టుకి వస్తే చాలు. ఆ తర్వాత రెండిటినీ మీ ఇంట్లోనే ఉంచండి. నా దగ్గర ఎంత దులిపినా చెక్క దుమ్ము పోదు. వాటికి మంచిది కాదు.”

“అవి ఇక్కడికి వచ్చేస్తే, బుల్లి అక్కడికి రావడం తగ్గుతుంది. ఆలోచించారా?”

“ఆలోచించాను.”

“ఓనరమ్మ కుక్కా పిల్లీ వద్దంది. ఎలకల మాట అనలేదు” అంది ఆవిడ. “అనాలని ఆవిడకి తట్టి ఉండదు. అడుగుతాను లెండి.”

కొట్టులో బుల్లి తండ్రి వైపు చూడలేదు. గూట్లో చెయ్యి పెట్టి కూర్చుంది. నల్లటి ఎలుక పిల్ల ఒకటి వచ్చి ఆమె చిటికెన వేలు పట్టుకుంది. బుల్లి కళ్ళు చూసింది, ముక్కు చూసింది, చెవి దగ్గర పెట్టుకుని మిగతా కొట్టంతా మాయమైపోయినట్టు చాలాసేపు విన్నది. ఆఖరికి తల ఊపింది.

గూడు ఆ మేడ మెట్లకి పట్టలేదు. విప్పి, ముక్కలుగా మోసుకెళ్ళి, పైన మళ్ళీ బిగించాడు. ఆయన ఆ ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. కిటికీ పక్క పిల్ల మంచం, దాని మీద గళ్ళ దుప్పటి, గోడకి అది వేసిన బొమ్మలు, అందులో ఒకటి రెండెలుకలది. ఇంతేనా ఇన్నాళ్ళూ తను చూడంది అనుకున్నాడు. ఇంత పోగొట్టుకున్నానా అని మళ్ళీ తనే అనుకున్నాడు. కొత్తదాన్నీ చిత్రికనీ వారం పాటు పక్కపక్క పెట్టెల్లో ఉంచి, ఒకదాని వాసన ఒకదానికి అలవాటయ్యాకే కలపాలని కొట్టావిడ చెప్పిన మాట అప్పజెప్పి, మెట్లు దిగాడు. సగం దిగాక పైనుంచి పిలుపు వినిపించింది.

“నాన్నా, ఆదివారం నువ్వే రా. స్నానం చేసి రా. చెక్క వాసన రాకూడదు.”

ఆయన శనివారమంతా పని కట్టేశాడు. ఆదివారం రెండుసార్లు తలంటుకున్నాడు, గోళ్ళు బ్రష్షుతో తోముకున్నాడు, మడత విప్పని చొక్కా వేసుకున్నాడు. తలుపు దగ్గరే బుల్లి ఆయన చేతులు వాసన చూసి, “ఇంకా వస్తోంది” అంది. కుళాయి కింద మళ్ళీ కడుక్కున్నాడు. “కొంచెం వస్తోంది” అంది. ముప్ఫై ఏళ్ళ వాసన సబ్బుకి పోయేదా? మేస్త్రికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. “నువ్వెళ్ళి వాటితో ఆడుకో తల్లీ, నేనిక్కడ కూర్చుంటా” అని గడప బయట పై మెట్టు మీద కూర్చున్నాడు. కనీసం దాని అడుగుల చప్పుడు వినిపిస్తుంది, అది చాలనుకున్నాడు.

కాసేపటికి బుల్లి బయటికి వచ్చి పక్కన కూర్చుంది. లోపల వాళ్ళమ్మ గిన్నెలు కడుగుతోంది.

“వెళ్ళు, ఎదురుచూస్తుంటాయి” అన్నాడు.

“వెళ్తాలే” అంది, వెళ్ళలేదు. మెట్టు అంచు గోకుతూ, “నాన్నా, పొట్టు సంగతి నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?”

“తెలిసేది కాదు.”

“చెప్పకపోతే నేను మామూలుగా వచ్చేసేదాన్ని కదా?”

“వచ్చేదానివి.”

“మరెందుకు చెప్పావు?”

మేస్త్రి చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. “ఒకసారి చెప్పలేదు తల్లీ. మీ అమ్మకి.” అని ఆగాడు. పిల్ల ఆయన ముఖంలోకే చూస్తోంది. “మీ తాతయ్య, అదే మీ అమ్మ వాళ్ళ నాన్న, పోయాక ఆయన చెక్క బీరువా ఒకటి మనింటికి వచ్చింది. పాతది, అందవికారంగా ఉంది. మీ అమ్మ ఊళ్ళో లేని రెండు రోజుల్లో కొత్తదానిలా చేసి పెడితే సంతోషిస్తుందనుకున్నాను. తలుపు లోపలివైపు పెన్సిల్ గీతలేవో ఉన్నాయి. పిచ్చిగీతలనుకుని చిత్రిక పట్టేశాను. అవి మీ అమ్మ చిన్నప్పుడు, ప్రతి పుట్టినరోజుకీ ఆ తలుపుకి ఆనించి నిలబెట్టి, ఎంత ఎదిగిందో తాతయ్య గీసిన గీతలు.”

“అయ్యో” అంది బుల్లి. “అమ్మ తిట్టిందా?”

“తిట్టలేదు. గీతలేవీ అని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“ఏమీ అనలేదు. దుకాణంలోకి పోయి పని చేసుకున్నాను. మళ్ళీ అడిగింది. అప్పుడూ ఏమీ అనలేదు. మీ అమ్మకి బాధ కలిగించానని తెలుసు. ఆ మాట నోట్లోంచి రాలేదు. నీ దగ్గర కూడా అలాగే అయిపోతుందేమోనని భయమేసింది.”

లోపల గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. కుళాయి మాత్రం పారుతోంది. తడి చేతులతోనే ఆవిడ గడప లోపల నిలబడి ఉంది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

“పదకొండు గీతలు” అంది ఆవిడ.

“చూసుకోకుండా చెరిపేశాను. తప్పు నాది. నువ్వడిగినప్పుడే చెప్పాల్సింది” అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. “గీతలు పోతే పోయాయి. ఆ ఒక్క మాట అంటారని, ఇల్లు వదిలే ముందు నేను ఏడాది ఎదురుచూశానండీ” అంది. తర్వాత లోపలికి వెళ్ళి కుళాయి కట్టేసింది.